నాలుగో చరణం

ఉత్తరం ఉప్పుడబ్బా కింద అలాగే ఉంది. నిన్న సాయంత్రం నుంచి ఆ ఇంట్లో ముగ్గురూ దాన్ని తలా రెండుసార్లు బయటికి లాగి చదివారు, మళ్ళీ అక్కడే పెట్టారు. ఎన్నిసార్లు చదివినా అందులో ఒక్క మాట కూడా మెత్తబడలేదు.

తల్లి పొయ్యి వైపు తిరిగి నిలబడింది. మామూలు ఇళ్ళలో దాన్ని వంట అంటారు. ఈ ఇంట్లో గడియ వేసిన తలుపు. మరమగ్గాల షెడ్డులో ఇరవై రెండేళ్ళ పని ఆమె వినికిడిని దాదాపు పూర్తిగా తీసుకుంది. ఎదుటివాళ్ళ మాటను ఆమె పెదవుల మీద చదువుకుంటుంది. ఆమె ముఖం తిప్పుకుందంటే, ఎంత అరిచినా వీధికి వినిపిస్తుందేగాని ఆమెకు చేరదు. పోట్లాడాలనుకున్నవాళ్ళు లేచి, నాలుగడుగులు నడిచి, ఆమె ముందుకు వెళ్ళాలి. మామూలు రోజుల్లో సగం కోపం ఆ నాలుగడుగుల్లోనే కరిగిపోయేది.

ఈ ఉదయం ఎవరూ ఆ నాలుగడుగులు వేయలేదు.

తండ్రి అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాడు. ఉత్తరాన్ని కూడా ఆయన పెన్సిలు చేత్తో పట్టుకునే చదివాడు. కాలేజీవారి ఆరోపణ సూటిగా ఉంది. వార్షిక సంచికలో మొదటి పుటకు ఎంపికైన పాట విద్యార్థిని సొంతం కాదనీ, మరమగ్గాల మిల్లులో ఆడవాళ్ళు ఏడాదికి పైగా పాడుకుంటున్నదేననీ లైబ్రరీ గుమాస్తా ఫిర్యాదు చేశాడు. గుమాస్తా అక్క ఆ షెడ్డులోనే నేత పనిచేస్తుంది. ఆమె నోటుపుస్తకంలో ఆ పాట మొత్తం ఉంది. మొత్తం అంటే నాలుగు చరణాలు. అమ్మాయి ఇచ్చినదాంట్లో మూడే ఉన్నాయి. సోమవారం ఉదయం పది గంటలకు కమిటీ ముందు సంజాయిషీ చెప్పుకోవాలి. చెప్పలేకపోతే పాట సంచికలోంచి పోతుంది, దానితోపాటు సాహిత్యం ప్రత్యేక తరగతిలో సీటూ పోతుంది.

"చిక్కంతా ఈ మూడూ నాలుగుల దగ్గరే ఉంది" అన్నాడు తండ్రి, ఉత్తరాన్ని మళ్ళీ మడుస్తూ. "చూసి రాసేవాడు వదిలేస్తాడు. కలపడు. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను. ఎక్కువున్నది అసలు, తక్కువున్నది నకలు."

"నాలుగోది నేను రాయలేదు నాన్నా. రాయలేకపోయాను."

నాలుగు నెలలు ఆ చరణం కోసం తాను ఎలా తిరిగిందో అమ్మాయి చెప్పలేదు. పాట ఒక ప్రశ్నతో ఆగిపోయింది. ఆగడమే అందమని చివరికి తనకు తానే నచ్చజెప్పుకుని కాలేజీకి ఇచ్చేసింది.

అయితే చిత్తుప్రతి చూపించమన్నాడు ఆయన. చిత్తు లేదంది. ఏ పాటకూ లేదంది. ఆయన పెన్సిలు బల్ల మీద పెట్టేశాడు.

ఆ మాట నిజమే. మేడ మీది కిటికీ దగ్గర నిలబడి, గొంతు బయటికి రానివ్వకుండా, ఒక్కొక్క మాటనూ పెదవుల మీద తిప్పి తిప్పి చూసుకోవడం ఆమె పద్ధతి. ఆ ఇంట్లో పుట్టిన పిల్లకు అది సహజం. తక్కిన పిల్లలు మాటను చెవితో నేర్చుకుంటే, ఈమె తల్లి ముఖం చూసి నేర్చుకుంది. పాట మొత్తం నోట్లో నిలిచాకే కాగితం ముట్టుకునేది. అప్పటికి దిద్దడానికి ఏమీ మిగిలేది కాదు.

"నోట్లో ఉన్నదానికి తేదీ వేయరమ్మా" అన్నాడు తండ్రి.

తర్వాత పొయ్యి వైపు ఒకసారి చూశాడు.

"ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. మీ అమ్మ పెదాల మీద ఎప్పుడైనా చూసి ఉంటావా? ఆవిడ పనిలోంచి వచ్చి, ఏదో ధ్యాసలో పాడుకుంటుంటే చూసి, చూశానన్న సంగతి మరిచిపోయి..."

అమ్మాయి కాదనబోయింది. అంతలో తనకే అనుమానం వచ్చింది.

చూసినదాన్ని మరిచిపోయి, మరిచినదాన్ని సొంతమనుకోవడం మనుషులకు కొత్తేమీ కాదు. జ్ఞాపకం సాక్ష్యం చెబుతుందేగాని ప్రమాణం చేయదు. ఆ పాట మొదటి చరణం తనకు ఎప్పుడు, ఎక్కణ్ణుంచి వచ్చిందని ఎవరైనా నిలదీస్తే కిటికీ తప్ప చూపించడానికి తన దగ్గర ఇంకేమీ లేదు.

రెండేళ్ళ కిందట, కాలేజీలో చేరిన కొత్తలో, నోటుపుస్తకం మొదటి పేజీలో 'నేనెవరిని?' అని రాసి కింద ఖాళీ వదిలింది. పక్క బెంచీల్లో అమ్మాయిలకు జవాబు తేలిక. ఒకామె అందగత్తె, ఒకామె తెలివైనది, ఒకామె ఫలానావారి మనవరాలు. తన ఖాళీ ఖాళీగానే ఉండిపోయింది. ఆర్నెల్ల తర్వాత ఒక ఉదయం కిటికీ దగ్గర నాలుగు పాదాలు పెదవుల మీదికి వచ్చాయి.

నన్ను నేను వెతుకుతుంటే
నా చెప్పులే దొరికాయి
నడిచి వచ్చిన దూరమంతా
నీ పేరేనా అన్నాయి

ఆ రోజు బస్సు వెళ్ళిపోయింది. వెళ్ళిపోయిందని కాలేజీ గేటు దాకా నడిచాక గుర్తొచ్చింది. సంతోషం అనే మాటకు అంతకుముందు పుస్తకాల్లో చదివిన అర్థాలన్నీ ఆ దారిలోనే ఎక్కడో జారిపోయాయి.

ఇప్పుడు ఆ ఉదయాన్నే ఎవరో వచ్చి, ఇది నీదేనని రుజువేమిటని అడుగుతున్నారు. అడిగినది కన్నతండ్రి.

"దాన్నేం అడుగుతారు? ఆ పాటను మిల్లుకు నేను తీసుకెళ్ళాను."

తల్లి ఇటు తిరిగింది. వెలుతురు బాగుంటుందని తండ్రి గడ్డం గీసుకునే అద్దం పొయ్యి పక్క గోడకే తగిలించి ఉంటుంది; ఇద్దరి పెదవులూ అందులో ఆమెకు కనిపిస్తూనే ఉన్నాయి. మూసిన తలుపుకు కన్నం ఉందన్న సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ తట్టలేదు.

ఆమె గొంతు ఆమెకు వినిపించదు కనుక ఇంట్లో కూడా షెడ్డు కొలతలోనే వస్తుంది; ఎత్తుపల్లాలు లేకుండా, చెక్క మీద సుత్తి పడ్డట్టు. మిల్లుకు వెళ్ళేముందు రోజూ తెల్లారి పెరట్లో కుళాయి దగ్గర బిందె పెడుతుంది. అక్కణ్ణుంచి తలెత్తితే మేడ మీది కిటికీ. బిందె నిండేలోగా కూతురు పెదవుల మీద ఆ రోజుకు ఎంత వస్తే అంత చదువుకునేది. ఏడాదిన్నరగా చదువుతోంది. బిందె నిండిపోయి నీళ్ళు పొర్లుతున్నా తెలిసేది కాదట.

"పెరట్లో ఆ బురదంతా అందుకా?" అన్నాడు తండ్రి, అప్రయత్నంగా.

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని అంటారుగా" అంది తల్లి. ఆ సామెత ఆ ఇంట్లో ఆమె తప్ప ఎవరూ వాడరు. "ఊదేటప్పుడు బుగ్గలు చూశాను. చాలదా? మగ్గం ముందు నిలబడితే ఆ మాటలే నోట్లో తిరిగేవి. ఎదురు మగ్గమావిడ చదివేసింది. ఆవిణ్ణి చూసి పక్కావిడ. షెడ్డులో నోరు కదిపితే నాలుగు వరసలకి తెలుస్తుంది. నేనెవరికీ నేర్పలేదు."

"మా అమ్మాయిది అని చెప్పలేదా?"

"ఎవరూ అడగలేదు."

అమ్మాయి బల్ల అంచు పట్టుకుని లేచింది. ఆమెలో రెండు భావాలు ఒకదాన్నొకటి తోసుకున్నాయి. పాట తనదే, సాక్షి ఎదురుగా ఉంది. కానీ తాను ఎవరికీ చూపించని అడ్డగోలు పాదాలు, పారేసిన మాటలు, తప్పులు, ఏడుపులు, అన్నీ కింద కుళాయి దగ్గర ఒకరు చదువుతూనే ఉన్నారు. ఒంటరిగా ఉన్నాననుకున్న ఏడాదిన్నరలో ఒక్క ఉదయం కూడా తాను ఒంటరిగా లేదు.

"నన్ను అడగలేదు నువ్వు" అంది.

"అడిగితే కిటికీ మూసేసేదానివి."

అది నిజం కావడం వల్లనే అమ్మాయికి ఎక్కడలేని కోపం వచ్చింది. ఆ ఇంట్లో ఎవరూ ఆమెకు చేయనిది చేసింది: తల్లి చూస్తుండగానే ముఖం గోడ వైపు తిప్పుకుంది.

ఈలోగా తండ్రి లెక్క ఆయన చూసుకున్నాడు. సాక్షి దొరికింది కనుక దారి కూడా దొరికినట్టేననీ, సోమవారం ఆమె వచ్చి కమిటీ ముందు ఈ నాలుగు మాటలూ చెబితే చాలుననీ అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అక్కడ తాను నోరు తెరవనంది. రెండేళ్ళ కిందట కూతురిని చేర్పించడానికి వెళ్ళిన రోజు ఆఫీసు కిటికీ ముందు ఆమె ఒక ప్రశ్న అడిగింది. ఆ గొంతుకు వరసలో అందరూ వెనక్కి తిరిగారు, లోపల ఎవరో నవ్వారు. నవ్వు వినక్కర్లేదు, చూస్తే తెలుస్తుంది. అప్పట్నుంచి కాలేజీ ఉన్న వీధిలోకే ఆమె వెళ్ళలేదు.

"మరి ఆ నాలుగోది?" అన్నాడు తండ్రి. "అదెవరు కట్టారో తేలకుండా నీ సాక్ష్యం కూడా సగమే. అది ఎవరిదంటే ఏం చెబుతావు?"

తల్లి ఆ ప్రశ్న చదివిందో లేదో తెలియలేదు. కూతురి వెనక్కి వెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది.

"రాగం ఎలా ఉంటుందే?" అంది. "మాటలన్నీ వచ్చు. రాగం మాత్రం పెదాల మీద కనపడదు."

అమ్మాయి తిరగలేదు. తిరిగితే ఏడుస్తుంది.

"సరే. రా నాతో. ఇవాళ ఒంటిగంట దాకానే షిఫ్టు. నువ్వే చూద్దువుగాని."

*

షెడ్డు గుమ్మంలో మేస్త్రీ అభ్యంతరం చెప్పాడు. బయటివాళ్ళు రాకూడదు, చున్నీ చిక్కుకుంటే ఎవరిది పూచీ అన్నాడు. మొదటి వరసలో పెద్దావిడ, షెడ్డంతా గడుసత్త అని పిలిచే మనిషి, పిల్ల మగ్గంలో పడితే గుడ్డ మీద పాట అచ్చు పడి వస్తుందనీ, అమ్మకానికి మంచిదేననీ అంది. అన్నది పెదవులతోనే. మేస్త్రీ నవ్వాపుకుని, జుట్టు ముడి వేసుకోమని అమ్మాయికి సైగ చేశాడు.

లోపల నూట అరవై మగ్గాలు నడుస్తున్నాయి. అక్కడున్నదాన్ని శబ్దం అనడం సరిపోదు. శబ్దం చెవికి తగులుతుంది; ఇది ముందు అరికాలికి తగిలింది, తర్వాత పంటికి, ఆ తర్వాత పక్కటెముకల మధ్య దేనికో. ఆరు వీధుల అవతల పుట్టి పెరిగి, రాత్రీ పగలూ ఆ హోరును దూరపు వానలా వింటూ వచ్చిన పిల్ల, దాని నడిమధ్య నిలబడటం ఇదే మొదలు. "అమ్మా" అని పిలిచి చూసింది. తన గొంతు తనకే అందలేదు. పిలిచానా లేదా అని మెడ మీద వేళ్ళు పెట్టి తెలుసుకోవలసి వచ్చింది.

నూలు మోస్తూ అటు ఇటు పరుగెత్తే నాడెల మధ్య, నూలు దుమ్ము నిండిన గాలిలో, ఆడవాళ్ళు తీరిగ్గా కబుర్లు చెప్పుకుంటున్నారు. నలభై అడుగుల దూరం నుంచి ఒకావిడ ఇంకొకావిడ అల్లుణ్ణి ఎగతాళి చేసింది. వరస వరసంతా భుజాలు కదిపి నవ్వింది. ఇక్కడ గుట్టుగా చెప్పుకోవడానికి ఒకటే మార్గం: నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం. అలా పెట్టుకున్న మనిషి వైపు ఎవరూ చూడరు. మూసిన తలుపు తట్టకపోవడం ఆ షెడ్డు మర్యాద.

తల్లి కిటికీ వైపు వరసలో తన రెండు మగ్గాల దగ్గరికి వెళ్ళిపోయింది. ఇంట్లో ఎప్పుడూ చూడని మనిషి అక్కడ కనిపించింది. మెడ నిటారుగా, చేతులకు తొందర లేకుండా, తెగిన నూలుపోగును చూడకుండానే ముడివేస్తూ, మూడు వరసలతో ఒకేసారి మాట్లాడుతోంది. ఆఫీసు కిటికీ ముందు కుంచించుకుపోయిన ఆ మనిషేనా అని అమ్మాయి పరీక్షగా చూసింది.

గడుసత్త పక్కన చోటిచ్చింది. పాట ఎవరిదని అమ్మాయి పెదవులతో అడిగింది. చిన్నప్పటి అలవాటు ఇక్కడ అక్షరాలా భాష.

"అదెవరూ అడగలేదే పిల్లా" అంది గడుసత్త. "దాహంలో గ్లాసు చేతికిస్తే ఏ బావిదని అడుగుతామా? తాగి పక్కవాళ్ళకిస్తాం."

"నాలుగో చరణం?"

"మూడోది ప్రశ్న వేసి వదిలేసింది కదా. పదిరోజులు అదలాగే ఉంది, గొంతులో చేపముల్లు ఉన్నట్టు. తర్వాత ఒకరోజు కిటికీ వరస నుంచి జవాబొచ్చింది. ఎవరు ముందన్నారో నేను చూడలేదు."

కిటికీ వరసలో పన్నెండుమంది ఉన్నారు.

పని దిగే ముందు పది నిమిషాలు పాడుకోవడం అక్కడి ఆనవాయితీ. ఎవరూ సైగ చేయలేదు. మూల మగ్గం దగ్గర ఒక నోరు తెరుచుకుంది. పక్కన రెండోది. గాలి తగిలిన పైరులా ఆ కదలిక వరస నుంచి వరసకు పాకింది. చూస్తుండగా ఎనభై ముఖాల మీద ఒకేసారి ఒకే మాట.

'నన్ను నేను వెతుకుతుంటే...'

తాను కిటికీ దగ్గర ఒంటరిగా నమిలిన మాటలు. 'చెప్పులే' అన్న చోట తాను పెదవి కాస్త వంచుతుంది, ఎగతాళిగా. ఎనభై పెదవులూ అక్కడే వంగాయి. తల్లి దాన్ని కూడా మోసుకొచ్చింది.

పెదవులు మాత్రమే కదుపుతున్నారనుకుంది. గడుసత్త ఆమె చెయ్యి పట్టుకుని తన మెడ మీద ఆనించుకుంది. లోపల గొంతు బలంగా అదురుతోంది. మూగగా కాదు, అందరూ గొంతెత్తి పాడుతున్నారు. ఎవరి పాట వాళ్ళకు వినపడదు. పక్కవాళ్ళది అసలే వినపడదు. ఎనభై గొంతుల్లో ఎనభై రాగాలు ఉండి ఉండాలి. వాటిలో ఒక్కటి కూడా లోకంలో ఎవరూ విని ఎరగరు. వినబడని పాటను ఇంత గట్టిగా ఎందుకు పాడతారు? అరచేతి కింద అదురుతున్న గొంతుకు ఆ ప్రశ్నకు జవాబు అవసరం ఉన్నట్టు లేదు.

మరి ఇన్ని గొంతులు ఒక్క మాట కూడా తప్పకుండా కలిసి ఎలా నడుస్తున్నాయి? కారణం అరికాలి కింద దొరికింది. నాడె ఇటు కొట్టి అటు కొట్టే దరువు మీద ఒక్కొక్క పాదం సరిగ్గా ఇమిడి కూర్చుంది. ఆ నడక తాను కనిపెట్టిందని ఇన్నాళ్ళూ మురిసిపోయింది. అది ఈ నేలలో ఉంది. తాను కడుపులో ఉండగా తల్లి ఎనిమిదో నెల దాకా ఈ నేల మీదే నిలబడింది.

నాదేది ఇందులో, అనుకుంది. ఆశ్చర్యం, ఆ ప్రశ్న ఉదయం కోసినట్టు కోయలేదు.

మూడో చరణం వచ్చింది.

సంతోషం ఏ ఇంటిదని
వీధి వీధీ అడిగాను
తలుపు తీసిన ప్రతి ఒక్కరు
నువ్వెవరని అడిగారు

తన పాట అక్కడితో ఆగుతుంది. షెడ్డు ఆగలేదు. ఆమె ఎదుటి వరస పెదవులు చదివింది.

ఎవరినైతే ఏముందమ్మా
ఇంటి ముందే ఉన్నాను

అంతలో గోడ మీద ఎర్రబల్బు వెలిగింది. సైరన్ ఎవరికీ వినిపించని చోట షిఫ్టు దిగడానికి అదే గుర్తు. మేస్త్రీ కరెంటు ఆపాడు. మగ్గాలు ఒక్కొక్కటే నీరసించి నిలిచాయి. పాదాల కింద నేల చచ్చినట్టు ఆగిపోయింది. పాడుతున్న నోళ్ళన్నీ ఆగిపోయాయి. అంత చప్పుడు తర్వాత వచ్చిన నిశ్శబ్దానికి అమ్మాయి చెవులు గింగురుమన్నాయి.

ఆ నిశ్శబ్దంలో ఒక్క గొంతు మిగిలింది.

కిటికీ వరసలో, బల్బుకు వీపు పెట్టి, తల్లి నూలు చుట్టిన చివరి కండె తీసి బుట్టలో వేస్తోంది. నేల ఆగిన సంగతి ఆమె ఒంటికీ తెలిసే ఉండాలి. కానీ ఆమె ఆ క్షణాన ఒంట్లో లేదు.

నీ పెదవులు కదిలితేనే
నేనిన్నాళ్ళూ విన్నాను

చెక్క మీద సుత్తి కాదది. ఇంట్లో ఎవరూ ఎరగని గొంతు. బొంగురుగా, అంచులు అరిగి, ఒక్కచోట కూడా తూలకుండా నడిచింది. రాగం అమ్మాయి కట్టింది కాదు. వినికిడి ఉన్న కాలం నాటిదేదో లోపల దాచుకుని, దానిమీద తానే అల్లుకున్నది. విన్న మరుక్షణం అమ్మాయికి అర్థమైంది: నాలుగు నెలలు తాను వెతికింది మాటల కోసం కాదు, ఈ రాగం కోసం. అద్భుతం అనే మాటను ఆ ఇంట్లో తండ్రి ఎప్పుడూ కొట్టేస్తాడు, అతిశయోక్తి అని. ఈసారి ఆయనకు పెన్సిలు దొరికేది కాదు.

తల్లి ఇటు తిరిగింది. ఆగిన మగ్గాలు చూసింది. తనవైపే తిరిగి ఉన్న ఎనభై ముఖాలు చూసింది. గడుసత్త కళ్ళు తుడుచుకోవడం చూసింది. ఏం జరిగిందో తెలిసి, ఆమె చెయ్యి పైకి లేచి నోటిని మూసేసింది.

షెడ్డు మర్యాద ప్రకారం అందరూ చూపు తిప్పుకున్నారు.

అమ్మాయి తిప్పుకోలేదు. మగ్గాల మధ్య సందులోంచి నడిచి వెళ్ళి ఆమె ముందు నిలబడింది. గొంతు వాడకుండా అడిగింది.

"నాలుగోది నీదా?"

చెయ్యి దిగలేదు. దాని పైన కళ్ళు మాత్రం, జాడీ పగలగొట్టి దొరికిపోయిన పిల్ల కళ్ళలా, ఎటూ పోలేక కూతురి పెదవుల మీదే ఉన్నాయి.

ఆ చెయ్యి ఇక్కడ దిగితే చాలదు. సోమవారం పదింటికి, నవ్విన ఆ గోడల మధ్య, కమిటీ ముందు దిగాలి. దిగితే మొదటి పుటలో పాటకు ఇద్దరు తల్లులు. దిగకపోతే పాటా లేదు, సీటూ లేదు. రమ్మని అడగడానికి నోరు తెరిచిన అమ్మాయి ఆ కళ్ళు చూసి ఆ మాట మానుకుంది.

దానికి బదులు తల్లి చెయ్యి పట్టుకుని, నోటిని మూసినది కాదు, రెండోది, తన మెడ మీద ఆనించుకుంది. తన రాగాన్ని పక్కన పెట్టి, ఇప్పుడే విన్న రాగంలో, ఆగిపోయిన నూట అరవై మగ్గాల మధ్య గొంతెత్తి మొదటి చరణం అందుకుంది.

మెడ మీది వేళ్ళు ఉలిక్కిపడ్డాయి. తర్వాత నెమ్మదిగా, గుడ్డ నాణ్యం చూసే నేతగత్తె వేళ్ళలా, ఆ అదురును తడమసాగాయి.

నోటి మీది చెయ్యి మాత్రం ఇంకా అలాగే ఉంది.